వియ్యమూ కయ్యమూ: ఇరువదవ శతాబ్దపు ఐరోపా రాజకుటుంబములు

“కయ్యానికైనా వియ్యానికైనా సమ ఉజ్జీ ఉండాలి” అనునది మన తెలుగు సామెత. సంబంధములు చూచు వేళ తెలుగు ఇండ్లలో ఈ సామెత ఎంత తరచుగా వినిపించునో, ఉర్దూ మాట్లాడు ఇండ్లలో “ఖాందాన్” అను మాట అంత తరచుగా వినిపించును. ఒకనాడు తరగతిలో ఈ సామెతను వివరించుచుండగా ఒక విద్యార్థిని లేచి, “సమానులతో వియ్యమందితే ఇక కయ్యము రాదని దీని అర్థమా, సార్?” అని అడిగినది. ఆనాడు మేము చెప్పిన సమాధానము మాకే తృప్తినీయలేదు. తగిన నిదర్శనము కొరకు చరిత్రను తిరుగవేయగా మా దృష్టి ఐరోపా రాజకుటుంబములపై నిలిచినది. మనకు సామెతగా నున్నది వారికి శాసనమై యుండెను. ఆ శాసనము ఏమి కాపాడినది, ఎవరిని గాయపరచినది అను విషయమును ఒక్క పెండ్లిని ఆధారము చేసికొని ఈ వ్యాసములో పరిశీలింతము.

బెర్లిన్ నగరములో ఒక పెండ్లి

1913 మే 24వ తేదీన బెర్లిన్‌లో జర్మను చక్రవర్తి రెండవ విల్హెల్మ్ తన ఏకైక కుమార్తె విక్టోరియా లూయీజాకు వివాహము చేసినాడు. వరుడు హానోవర్ రాజవంశమునకు చెందిన ఎర్నెస్ట్ ఆగస్టస్. ఈ రెండు వంశముల మధ్య అప్పటికి దాదాపు ఏబది యేండ్ల వైరము కలదు. 1866లో ప్రష్యా రాజ్యము హానోవర్‌ను జయించి తనలో కలుపుకొన్నది. రాజ్యము పోగొట్టుకొన్న ఆ కుటుంబము ఆస్ట్రియాలో ప్రవాసమున్నది. 1912లో వరుని అన్న జర్మను భూభాగమున మోటారు ప్రమాదములో మరణించగా, కైజరు కుమారులు మృతదేహమునకు గౌరవ మర్యాదలు జరిపించినారు. అందులకు కృతజ్ఞత తెలుపుటకై బెర్లిన్ వచ్చిన తమ్ముడు రాజకుమార్తెను చూచినాడు. పరస్పరము ఇష్టపడినారు. పగ తీరుటకు పెండ్లి మార్గమైనది. ఆ యేడు నవంబరులో అల్లునికి బ్రన్స్‌విక్ సంస్థానపు సింహాసనము కూడ దక్కినది.

ఆ పెండ్లికి ఇంగ్లాండు రాజు ఐదవ జార్జి, రష్యా చక్రవర్తి రెండవ నికొలస్ స్వయముగా వచ్చినారు. వీరి బంధుత్వములను మన వరుసలలో చెప్పుకొన్నచో విషయము సులభముగా బోధపడును. జార్జి తల్లి, నికొలస్ తల్లి, వరుని తల్లి – ముగ్గురును డెన్మార్కు రాజైన తొమ్మిదవ క్రిస్టియన్ కుమార్తెలు. అనగా జార్జి, నికొలస్, పెండ్లికుమారుడు అక్కచెల్లెండ్ర బిడ్డలు. ఇక వధువు తండ్రి విల్హెల్మ్, జార్జికి స్వయానా మేనత్త కొడుకు. ఇద్దరును విక్టోరియా రాణి మనుమలే. నికొలస్ భార్య అలెగ్జాండ్రా విల్హెల్మ్‌కు పినతల్లి కూతురు. ఆనాటి రాత్రి దివిటీల వెలుగులో జరిగిన సంప్రదాయ నృత్యములో పెండ్లికూతురు తన తండ్రితోను, అతిథులైన ఆ ఇద్దరు ప్రభువులతోను కలిసి అడుగులు వేసినది. సమ ఉజ్జీ అను మాటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. కాని ఈ ముగ్గురు చక్రవర్తులు ఒకచోట కలిసికొనుట అదే కడసారి. పదునైదు నెలలు తిరుగక మునుపే వారి సైన్యములు యుద్ధరంగమున నిలిచినవి.

ఎడమచేతి పెండ్లి

యుద్ధమునకు నిప్పు అంటుకొన్న చోట కూడ ఒక వివాహ కథయే కలదు. జర్మను, ఆస్ట్రియా రాజవంశములలో సమాన వివాహము అను నియమముండెను. వధువు రాజ్యమేలిన వంశమునకో, దానితో సమానమని ఒప్పుకొనబడిన వంశమునకో చెందినదై యుండవలెను. అట్లు కానిచో వివాహము చెల్లును గాని భార్యకు భర్త హోదా రాదు, బిడ్డలకు సింహాసనము రాదు. దీనిని మోర్గనాటిక్ వివాహమనిరి. జర్మనులు వాడుకలో ఎడమచేతి పెండ్లి యనిరి.

ఆస్ట్రియా-హంగేరి యువరాజు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ వలచిన సోఫీ ఖోటెక్ బొహీమియాలోని ప్రాచీనమైన కులీన కుటుంబపు స్త్రీ. ఆమె పూర్వులు పదవులలో నున్నవారు. అయినను హాబ్స్‌బర్గ్ వంశపు లెక్కలో అది చాలలేదు. వృద్ధ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ ఎట్టకేలకు అనుమతించినాడు గాని ఒక షరతు విధించినాడు. 1900 జూన్ 28న యువరాజు సభాసమక్షమున ప్రమాణము చేయవలసి వచ్చినది: తన భార్య మహారాణి కాజాలదు, తన సంతానమునకు సింహాసనముపై హక్కు ఉండదు. జూలై 1న జరిగిన ఆ వివాహమునకు చక్రవర్తి రాలేదు, యువరాజు తమ్ములును రాలేదు.

అటుపిమ్మట పదునాలుగేండ్లు ఆ దంపతులు ప్రతి విందులోను ఆ ప్రమాణపు ఫలమును అనుభవించినారు. సభలో భర్త ముందు వరుసలో నడచును. భార్య రాజవంశపు చిన్నారి కన్యలకు సైతము వెనుక నడువవలెను. సరాయెవో పర్యటన సైనిక హోదాలో జరిగినది గనుక అచ్చట ఆమె భర్త ప్రక్కన బండిలో కూర్చుండగలిగినది. ఆ దినము 1914 జూన్ 28, ప్రమాణము చేసిన తేదీయే. ఇద్దరును ఒకే హంతకుని తుపాకికి బలియైనారు. వియన్నాలో అంత్యక్రియలప్పుడు ఆమె శవపేటికను భర్త పేటికకంటె క్రిందుగా నుంచిరి. హాబ్స్‌బర్గుల సమాధి గృహములో ఆమెకు చోటు లేదని ఎరిగియే యువరాజు ముందుగా ఆర్ట్‌స్టెటెన్ కోటలో తమ ఇద్దరికి సమాధులు కట్టించుకొని యుండెను. మరణము తరువాత గాని వారికి సమస్థానము దొరకలేదు. ఆ దంపతుల ముగ్గురు బిడ్డలు ఒక్క దినములో తల్లిని, తండ్రిని కోల్పోయినారు. రాజవంశమున వారికి స్థానము మొదటినుండియు లేదు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించినప్పుడు మాత్రము ఇద్దరు కుమారులను ఆ వంశపు వారని లెక్కించి దాఖౌ నిర్బంధ శిబిరమునకు పంపినారు. హక్కులకు పనికిరాని పుట్టుక శిక్షకు పనికివచ్చినది.

బంధుత్వమునకు పరీక్ష

1914 జూలై చివరి దినములలో విల్హెల్మ్, నికొలస్ ఒకరికొకరు తంతి వార్తలు పంపుకొన్నారు. ఇద్దరి మధ్య వాడుక భాష ఇంగ్లీషు. ఒకరు “విల్లీ” అనియు, మరియొకరు “నిక్కీ” అనియు సంతకము చేసిరి. వివాదమును హేగ్ న్యాయసభకు విడిచిపెట్టుదమని నికొలస్ సూచించినాడు. కాని సైన్యములను కదలించు యంత్రాంగము అప్పటికే మంత్రుల, సేనానుల చేతిలో నుండెను. ఆగస్టు 1న జర్మనీ రష్యాపై యుద్ధము ప్రకటించినది. పూర్వము రాజే రాజ్యమైనప్పుడు రాజకుమార్తె పెండ్లి ఒక సంధిపత్రముతో సమానము. కర్మాగారములు, సైన్య వ్యూహములు, పత్రికలు, శాసనసభలు రాజ్యమును నడుపు కాలములో రాజుల వియ్యము రాజ్యముల వియ్యము కాజాలదు. ఈ మార్పును ఆ కుటుంబములు ఆలస్యముగా గ్రహించినవి.

1917 మార్చిలో నికొలస్ సింహాసనము విడిచినాడు. ఆయన కుటుంబమునకు ఆశ్రయమిత్తుమని బ్రిటిష్ ప్రభుత్వము తొలుత అంగీకరించినది. ఆ మాటను వెనుకకు తీసికొనునట్లు ఒత్తిడి చేసినది మంత్రులు గారు, రాజగు ఐదవ జార్జియే. జారును ఇంటికి రప్పించినచో తన సింహాసనమే కదలునని ఆయన భయపడినాడు. అదే యేడు జూలై 17న, శత్రుదేశపు పేరైన సాక్స్-కోబర్గ్-గోథాను వదలి తన వంశమునకు విండ్సర్ అను పేరు పెట్టుకొన్నాడు. ఆ వేసవిలోనే లండను మీద బాంబులు వేసిన జర్మను విమానముల పేరును గోథా యగుట గమనింపదగినది. ఆ దినముననే తన బిడ్డలు ఇకమీదట బ్రిటిష్ కుటుంబములలో వివాహమాడవచ్చునని ఆయన నిశ్చయించినాడు. సరిగా యేడాది తరువాత, 1918 జూలై 17 వేకువకు ముందు, యెకతెరిన్‌బర్గ్ పట్టణములో నికొలస్, ఆయన భార్య, ఐదుగురు బిడ్డలు కాల్చి చంపబడినారు.

బెర్లిన్ పెండ్లికుమారుని గతి ఏమైనది? 1918 నవంబరులో ఆయన సంస్థానమును, మామగారి సామ్రాజ్యమును ఒకేసారి కూలిపోయినవి. శత్రుపక్షమున నున్నారను కారణముతో 1919లో ఆయనకు, ఆయన తండ్రికి గల బ్రిటిష్ బిరుదులు రద్దయినవి. రద్దు చేసినది, ఆరేండ్ల క్రిందట ఆయన పెండ్లికి అతిథిగా వచ్చిన అన్నయే.

సింహాసనమా, స్వేచ్ఛయా?

ఇంతవరకు చెప్పినదానిని బట్టి తప్పంతయు పెద్దల నియమములదే, ప్రేమ వివాహమే మందు అని విద్యార్థులు తొందరపడి నిర్ణయింపరాదు. రుమేనియా యువరాజు కరోల్ 1918లో వంశనియమమును ధిక్కరించి ఒడెస్సాలో జిజీ లాంబ్రినో అను ఆమెను వివాహమాడినాడు. మరుసటి యేడు న్యాయస్థానము ఆ వివాహమును రద్దు చేసినది. 1921లో గ్రీసు రాజకుమార్తె హెలెన్‌ను పెండ్లాడి, కుమారుడు కలిగిన పిమ్మట మరియొక స్త్రీ కొరకు 1925లో హక్కులు వదలుకొన్నాడు. 1927లో ఐదేండ్ల బాలుడు మైకేల్ రాజైనాడు. 1930లో కరోల్ తిరిగివచ్చి కన్నకొడుకు కిరీటమును తానే తీసికొన్నాడు. పదేండ్ల తరువాత దానిని మరల పోగొట్టుకొన్నాడు. నియమము ఒక స్త్రీకి అన్యాయము చేసినది, నియమము లేని ఇచ్ఛ మరియొక స్త్రీకిని ఆమె బిడ్డకును అన్యాయము చేసినది.

ఇంగ్లాండులో 1936 నాటి సంక్షోభము ప్రసిద్ధము. ఎనిమిదవ ఎడ్వర్డ్ రెండుసార్లు విడాకులతో ముడిపడిన వాలిస్ సింప్సన్‌ను పెండ్లాడదలచినాడు. భార్యకు రాణి హోదా లేకుండ మోర్గనాటిక్ పద్ధతిన వివాహము జరుపవచ్చునా అను ఆలోచన వచ్చినది. ప్రధాని బాల్డ్విన్, అధినివేశ రాజ్యముల ప్రభుత్వములు దానిని త్రోసిపుచ్చినవి. డిసెంబరు 11న ఎడ్వర్డ్ రాజ్యత్యాగము అమలులోనికి వచ్చినది. మరుసటి సంవత్సరము ఫ్రాన్సులో వివాహమైనప్పుడు ఆయన భార్యకు రాజకుటుంబ గౌరవ సంబోధనను నిరాకరించిరి. న్యాయశాస్త్రమున లేదన్న ఎడమచేతి పెండ్లి, ఆచరణలో ఈ విధముగా ప్రవేశించినది. ఆ అన్నదమ్ముల కుటుంబముల మధ్య ఈ గాయము దశాబ్దములు మానలేదు.

తరువాతి తరములో మార్గరెట్ రాకుమారి విడాకులు పొందిన సైనికాధికారి పీటర్ టౌన్‌సెండ్‌ను వలచినది. 1772 నాటి రాజవివాహ శాసనము ప్రకారము ఇరువదియైదేండ్లు నిండువరకు ఆమెకు పరిపాలించు రాణి అనుమతి తప్పనిసరి. ఆ రాణి స్వయానా అక్కగారైన ఎలిజబెత్. చెల్లెలి సుఖమునకు, చర్చి నియమమునకు నడుమ అక్క నిలువవలసి వచ్చినది. 1955 అక్టోబరు 31న మార్గరెట్ తానే ఆ వివాహమును విరమించుకొనుచున్నట్లు ప్రకటించినది.

తండ్రిని దాటిపోయిన కిరీటము

మరల బెర్లిన్ దంపతుల వద్దకు వత్తము. వారి కుమార్తె ఫ్రెడెరికా 1938లో గ్రీసు రాకుమారుడు పాల్‌ను వివాహమాడినది. 1941లో జర్మను సైన్యము గ్రీసుపై దండెత్తినప్పుడు కైజరు మనుమరాలైన ఆమె పసిబిడ్డలను వెంటబెట్టుకొని ఆ సైన్యము నుండియే పారిపోవలసి వచ్చినది. ఆ బిడ్డలలో పెద్దదైన సోఫియా 1962 మే 14న ఏథెన్సులో స్పెయిన్ రాజవంశపు హువాన్ కార్లోస్‌ను పెండ్లాడినది. వరుడు కాథలిక్, వధువు గ్రీకు ఆర్థడాక్స్ శాఖకు చెందినది. కనుక రెండు పద్ధతులలోను వివాహము జరిపించినారు.

వరుని వంశమునకు తనదైన విషాదమున్నది. తాత పదమూడవ అల్ఫాన్సో 1906లో విక్టోరియా రాణి మనుమరాలు ఎనాను పెండ్లాడినాడు. పెండ్లి ఊరేగింపుపై బాంబు పడినను దంపతులు బ్రతికినారు. కాని రక్తము గడ్డకట్టని వ్యాధి ఆమె ద్వారా సంక్రమించి, పెద్దకుమారుడు, కడపటి కుమారుడు రోగులైనారు. భర్త ఆ దోషమును భార్యపై మోపినాడు, దాంపత్యము చెడినది. తరములుగా కొన్ని కుటుంబముల మధ్యనే పిల్లనిచ్చి పుచ్చుకొనుచు వచ్చినందున ఒక్క రాణి సంతతిలోని వ్యాధి రష్యా, స్పెయిన్ సింహాసనముల వరకు ప్రాకినది. పెద్దకుమారుడు 1933లో క్యూబా దేశపు సామాన్య యువతిని పెండ్లాడుటకు హక్కులు వదలుకొన్నాడు. చెవిటివాడైన రెండవ కుమారుడును వదలుకొనగా, వారసత్వము మూడవవాడైన డాన్ హువాన్‌కు వచ్చినది. ఆయన కొడుకే హువాన్ కార్లోస్.

నియంత ఫ్రాంకో 1969 జూలైలో తన తరువాత రాజుగా తండ్రిని కాదని కొడుకును ప్రకటించినాడు. తండ్రి బ్రతికి యుండగా, ఆయన హక్కును దాటి కొడుకు కిరీటము స్వీకరించుట ఆ ఇంట ఎంతటి క్షోభ కలిగించినదో ఊహింపవచ్చును. 1975లో కొడుకు రాజైనాడు; 1977 మే 14న గాని తండ్రి తన హక్కులను లాంఛనముగా వదలుకొనలేదు.

ఇటువంటి ఘటన మన హైదరాబాదు చరిత్రలోను కలదు. 1924లో ఖిలాఫత్ రద్దయి, కడపటి ఖలీఫా అబ్దుల్ మజీద్ ఫ్రాన్సులోని నీస్ నగరమున ప్రవాసముండగా, 1931 నవంబరులో అచ్చటనే ఆయన కుమార్తె దుర్రె షెహ్వార్‌ను నిజాము పెద్దకుమారుడు ఆజం జాహ్‌కు, ఉస్మానియా వంశపు నీలోఫర్‌ను రెండవ కుమారుడు మొఅజ్జం జాహ్‌కు ఇచ్చి వివాహము చేసినారు. ఇదియు రెండు వంశములను కలిపిన వియ్యమే. అయితే నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తరువాత 1967లో వారసత్వము కొడుకును దాటి మనుమడు ముకర్రం జాహ్‌కు చేరినది. నీలోఫర్ వివాహము 1952లో విడాకులతో ముగిసినది. ఆ వియ్యములు ఏ రాజ్యమును నిలుపలేదు. నేటికిని నగరవాసుల నోట నిలిచియున్నది ఆ ఇద్దరు స్త్రీల పేర వెలసిన ఆసుపత్రులు మాత్రమే.

మారిన ధర్మము

నార్వే యువరాజు హెరాల్డ్ బట్టల వర్తకుని కుమార్తె సోన్యా హెరాల్డ్‌సెన్‌ను వివాహమాడగోరి తొమ్మిదేండ్లు వేచియున్నాడు. ఆమె కానిచో అవివాహితునిగానే ఉందునని తండ్రికి స్పష్టముగా చెప్పినాడు. తండ్రియగు ఐదవ ఓలావ్ ప్రభుత్వముతోను, పార్లమెంటు పెద్దలతోను సంప్రదించి అంగీకరించినాడు. 1968 ఆగస్టు 29న వివాహమైనది. ఆ రాచరికము కూలలేదు. 1991లో హెరాల్డ్ రాజు, సోన్యా రాణి అయినారు.

ఇంగ్లాండు ఈ పాఠమును ఎక్కువ మూల్యము చెల్లించి నేర్చుకొన్నది. 1981 జూలై 29న యువరాజు చార్లెస్‌కు డయానా స్పెన్సర్‌తో జరిగిన వివాహము అన్ని విధముల తగిన సంబంధమనిపించుకొన్నది. వధువు ఉన్నత కుటుంబమునకు చెందినది, చిన్న వయస్సుది. లోకమంతయు తిలకించినది. ఆ ఇద్దరి మనసులు మాత్రము కలియలేదు. 1996లో విడాకులైనవి, మరుసటి యేడు ఆమె పారిస్‌లో ప్రమాదమున మరణించినది. 2005లో చార్లెస్, తాను మొదటినుండి ఇష్టపడిన, విడాకులు పొందిన కెమిల్లాను వివాహమాడినాడు. 2023 మే 6న ఇద్దరికిని కలిపి పట్టాభిషేకము జరిగినది. 1936లో ఒక రాజును దింపిన కారణము 2023లో ఆటంకమే కాలేదు. 2013లో చేసి 2015లో అమలుపరచిన శాసనము 1772 నాటి చట్టమును రద్దుచేసి, వారసత్వ క్రమములో మొదటి ఆరుగురికి మాత్రమే రాజానుమతిని నియమించినది.

బెర్లిన్ దంపతుల కథకు ముగింపు మాడ్రిడ్‌లో కలదు. వారి కుమార్తెకు కుమార్తెయైన సోఫియా కొడుకు ఫెలిపె, 2004 మే 22న లెటీసియా ఓర్టిజ్‌ను పెండ్లాడినాడు. ఆమె టెలివిజను వార్తా విలేఖరి, అంతకుముందు విడాకులు పొందినది. కైజరు కాలములో ఆమెకు ఎడమచేతి పెండ్లి కూడ దుర్లభమై యుండును. 2014 జూన్ 19న ఫెలిపె రాజు కాగా ఆమె రాణి యైనది. తొంబదియొక్క యేండ్లలో ఒకే వంశధారలో ధర్మము ఎంత మారినదో ఈ రెండు పెండ్లిండ్లే సాక్ష్యము.

ముగింపు

ఇప్పుడు ఆ విద్యార్థిని ప్రశ్నకు సమాధానము చెప్పవచ్చును. సమానులతో వియ్యమందినంత మాత్రమున కయ్యము రాకపోదు. బెర్లిన్ పందిటిలో కూర్చున్నవారందరు సమానులే. సోఫీ ఖోటెక్ సమానురాలు కాదన్నారు. ఆ దంపతులు మాత్రము తుదిశ్వాస వరకు ఒకరికొకరు తోడైయున్నారు. కరోల్ కథ మరియొక వైపు హెచ్చరించుచున్నది: తన ఇష్టమొక్కటే చాలునన్నవాడు, తనకు లభించిన స్వేచ్ఛను ఇతరుల బ్రతుకులతో కొనుచున్నాడు.

పెండ్లి మీద మోపిన బరువే ఈ కథలన్నింటిలో కయ్యమునకు మూలమని మా అభిప్రాయము. రాజ్యమును నిలుపుట, పగ తీర్చుట, వంశగౌరవమును చాటుట – ఇవన్నియు ఇద్దరు మనుష్యుల కాపురముపై పెట్టిన బరువులు. ఆ బరువును దించిన నార్వే వంటి దేశములలో రాచరికము నిలిచినది, కుటుంబమును నిలిచినది. దించని చోట్ల తొలుత నలిగినది బిడ్డలే. మన ఇండ్లలో సింహాసనములు లేవు. అయినను పెండ్లి మాటలలో ఆస్తి, హోదా, బంధువుల యెదుట గొప్ప అను చిన్న చిన్న సింహాసనములు లేవని చెప్పగలమా? సమ ఉజ్జీ అను సామెతను మనము విడువనక్కరలేదు. వంశమును వంశముతో తూచుటకు ముందు, ఆ ఇద్దరి ఇష్టమును, గౌరవమును సమముగా తూచిన చాలును. ఇరువైపులా పెద్దలు మాటలు ముగించుకొని లేచులోపల ఆ అమ్మాయిని, ఆ అబ్బాయిని వేరువేరుగా ఒకసారి నిదానముగా అడుగుట మరువరాదు.